పాపను ఎత్తుకోవడం తప్పా, మేడం?

ప్రశ్న: మేడం, నా వయసు 26. కాకినాడలో ఒక వేసవి శిబిరంలో కరాటే నేర్పిస్తున్నాను. మొన్న ఏడేళ్ళ పాప పడిపోయి, మోకాలు దోక్కుపోయి ఏడుస్తుంటే ఎత్తుకుని కుళాయి దగ్గరకు తీసుకెళ్ళాను. అది చూసి ఇంకో బాబు వాళ్ళమ్మ మా మేనేజరుకు ఫోన్ చేసిందట. ‘ఇకమీదట పిల్లల్ని ముట్టుకోవద్దు’ అన్నాడాయన. చెయ్యి పట్టుకోకుండా పంచ్ ఎలా సరిచేయాలి? సాయంత్రం ఎవరూ రాని పిల్లల్ని బండి మీద ఇంటి దగ్గర దింపేది కూడా నేనే. చాలా టెన్షన్‌గా ఉంది. మానేయమంటారా?

జవాబు: మానేయొద్దు బాబూ. దెబ్బ తగిలిన పిల్లను ఎత్తుకోవడం తప్పు కాదు. అడగడం ఆ తల్లి తప్పూ కాదు. నేను డ్రిల్లు టీచరుగా రిటైరయ్యాక మా ఊళ్ళో ఏటా వేసవిలో ఖోఖో శిబిరం నడుపుతున్నాను. అలా అడిగే తల్లులంటే నాకు ధైర్యం.

చెయ్యి పట్టుకోవాల్సి వస్తే గ్రౌండు మధ్యలో, అందరి ముందూ, ‘మోచెయ్యి సరిచేస్తున్నానమ్మా’ అని చెప్పి పట్టుకో. పిల్ల ఏమాత్రం వెనక్కి జరిగినా వదిలేసి, నువ్వు చేసి చూపించు. మా దగ్గర మ్యాట్లు పెట్టే గదికి లోపలి గడియ ఊడదీయించాను. పిల్లలతో ఒంటరిగా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు, నాతో సహా.

బండి మీద దింపడం మాత్రం ఈ రోజే ఆపెయ్. దారిలో ఏం జరిగినా, ఏమీ జరగకపోయినా, చెప్పడానికి నువ్వూ ఆ పిల్లా తప్ప ఎవరూ ఉండరు. తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేదాకా ఇద్దరు పెద్దవాళ్ళు గేటు దగ్గర లైటు కింద కూర్చోవాలి. రెండో మనిషికి అదనంగా డబ్బివ్వాలని మేనేజరు అంటే, ఇవ్వాల్సిందే.

ఈ విషయంలో నాకు పెద్ద దెబ్బే తగిలింది. మొదటి ఏడాది ఒకాయన వచ్చి, ‘నేను బాబాయిని, అన్నయ్య పంపాడు’ అంటే తొమ్మిదేళ్ళ బాబును పంపించేశాను. పావుగంటకు తండ్రి వచ్చి, ‘మావాడేడీ?’ అన్నాడు. నా కాళ్ళు ఆడలేదు. చివరికి బాబు సందు చివర బాబాయి పక్కనే చెరుకురసం తాగుతూ కనిపించాడు. మర్నాడే రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఒక్కో పిల్లకు ఒక పేజీ. తీసుకెళ్ళే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, రోజూ సంతకం. వాళ్ళు కాక ఎవరొచ్చినా ఇంటికి ఫోన్ చేశాకే పంపుతాను. ఒక తాతగారు నా మీద చాలా కోప్పడ్డారు. అయినా ఫోన్ చేశాకే పంపాను.

మీ మేనేజరు చేయాల్సిన పని ఇంకోటుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాల ప్రకారం స్పోర్ట్స్ అకాడమీలతో సహా పిల్లలతో నిత్యం పనిచేసే సంస్థలన్నీ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకైనా సరే. నీకు చేయించారా? లేకపోతే నువ్వే అడుగు. తల్లిదండ్రుల ముందు నీకు అదొక అండ.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. రేపు ఏ పిల్లయినా, మగపిల్లాడైనా సరే, ‘ఫలానా అంకుల్ నాతో ఇలా చేశాడు’ అని నీతో చెబితే నమ్మకంగా విను. గుచ్చి గుచ్చి అడగకు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకు. ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టి పోలీసులకు చెప్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం చేస్తారు. పోక్సో చట్టం కింద, తెలిసి కూడా చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. తన కింద పనిచేసేవాడి సంగతి సంస్థ నడిపేవాడే దాస్తే ఏడాది దాకా. పరువు పోతుందని సర్దుబాటు చేయాలని చూసేవాళ్ళకు ఈ మాట చెప్పు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళకు చట్టం రక్షణ ఇస్తుంది. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో, యూనిఫాంలో లేని పోలీసు అధికారి తీసుకుంటారు, వీలైనంతవరకు మహిళా ఎస్సై. పిల్లను స్టేషన్‌కు తిప్పుతారేమోనని భయపడి ఆగిపోకు.

ఫోన్ చేసిన ఆ తల్లిని ఒక రోజు క్లాసుకు వచ్చి కూర్చోమను. పాపకు దెబ్బ తగిలిన సంగతి వాళ్ళమ్మకు ఆ సాయంత్రమే చెప్పావో లేదో నువ్వు రాయలేదు. చెప్పకపోతే ఇది చదవగానే ఫోన్ చెయ్యి.