జీపీయూ సంగతి తర్వాత, ముందు క్యాష్ చూడండి

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నేరుగా నడిచే గ్రాఫిక్స్ లైబ్రరీ రాస్తున్నాను. మెయిల్‌బాక్స్ (బోర్డు ఫర్మ్‌వేర్‌తో మాట్లాడే దారి) ద్వారా ఫ్రేమ్‌బఫర్ (తెర మీద కనిపించే పిక్సెళ్లు ఉండే మెమరీ) తీసుకున్నాను. గీతలు, అక్షరాలు వస్తున్నాయి. కానీ 1920×1080 తెరంతా ఒకే రంగు నింపితే, ఆ రంగు పైనుంచి కిందికి దిగడం కంటికి కనిపిస్తోంది. ఈ సీపీయూ కోడ్ తీసేసి అంతా జీపీయూతోనే (గ్రాఫిక్స్ ప్రాసెసర్‌తోనే) గీయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. రంగు దిగడం కనిపిస్తోందంటే నా అనుమానం ఎంఎంయూ మీద, అంటే ఏ మెమరీని ఎలా వాడాలో చూసుకునే ప్రాసెసర్ భాగం మీద. ఆ బోర్డులోని కార్టెక్స్-ఏ53 ప్రాసెసర్‌లో ఎంఎంయూ ఆన్ చేయకపోతే డేటా క్యాష్ (ర్యామ్ డేటాని దగ్గరే ఉంచుకునే చిన్న వేగమైన మెమరీ) పనిచేయదు. ర్యామ్‌ని కూడా ప్రాసెసర్ పెరిఫెరల్ (సీరియల్ పోర్టు లాంటి పరికరాల) రిజిస్టర్లను చూసినట్టే చూస్తుంది, అంటే ఒక్కో రాతనూ విడివిడిగా పంపుతుంది. పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన మీ తెర 82,94,400 బైట్లు. సెకనుకి 60 సార్లు నింపాలంటే దాదాపు 50 కోట్ల బైట్లు. క్యాష్ లేకుండా అది అయ్యే పని కాదు.

పేజీ టేబుల్ (ఏ మెమరీ ఏ రకమో ఎంఎంయూకి చెప్పే పట్టిక) రాసి, ర్యామ్‌ని క్యాష్ అయ్యేలా, ఫ్రేమ్‌బఫర్‌ని క్యాష్ కాని మామూలు మెమరీగా, పెరిఫెరల్స్‌ని డివైస్ మెమరీగా పెట్టండి. బొమ్మ ర్యామ్‌లో గీసి, మారిన ముక్కను మాత్రం డీఎంఏతో (సీపీయూ చేయి పెట్టకుండా మెమరీని కాపీ చేసే హార్డ్‌వేర్‌తో) ఫ్రేమ్‌బఫర్‌కి పంపండి. దానికి 2డీ మోడ్ ఉంది. ఒక వరుస అయ్యాక ఎన్ని బైట్లు దాటాలో చెబితే చాలు, దీర్ఘచతురస్రాన్ని అదే మోసుకుపోతుంది. డీఎంఏ ఛానెళ్లలో 7వ నంబరు నుంచి ఉండే లైట్ (సౌకర్యాలు తగ్గించిన) వాటిలో మాత్రం ఈ మోడ్ లేదు. వరుస పొడవుకి వెడల్పుని 4తో గుణించి వాడకండి, ఫర్మ్‌వేర్ చెప్పే పిచ్ (మెమరీలో ఒక వరుస నిజంగా తీసుకునే బైట్లు) వాడండి.

ఇక్కడే నాకు ఒక వారం పోయింది. మెనూ మూశాక తెర మీద అక్కడక్కడా పాత రంగు గీతలు మిగిలిపోయేవి. క్లిప్పింగ్ (హద్దు దాటిన భాగాన్ని కత్తిరించడం) తప్పనుకుని ఆ కోడ్ మూడుసార్లు తిరగరాశాను. చివరికి ఒక గీతను దగ్గరగా ఫోటో తీసి పిక్సెళ్లు లెక్కపెడితే సరిగ్గా 16. పక్కదీ 16. అంటే 64 బైట్లు, ఒక క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి మోసే ముక్క)! నేను గీసిన కొత్త బొమ్మ ఇంకా క్యాష్‌లోనే ఉండగా డీఎంఏ ర్యామ్‌లోని పాతదాన్ని ఎత్తుకెళ్తోంది. పంపేముందు ఆ ముక్క వరకు క్యాష్ క్లీన్ చేసి (క్యాష్‌లోనిది ర్యామ్‌కి రాయించి), అది పూర్తయ్యేదాకా ఆపే బారియర్ పెట్టాక గీతలు పోయాయి.

త్రిభుజాలు, టెక్స్చర్లు (వాటి మీద అతికించే బొమ్మలు) ఎక్కువగా ఉంటే అప్పుడు జీపీయూలోకి దిగడం సబబే. మీ బోర్డు జీపీయూ అయిన వీడియోకోర్ 4 త్రీడీ భాగం వివరాలను చిప్ తయారీ సంస్థ బ్రాడ్‌కామ్ 2014లోనే బయటపెట్టింది. అది తెరను 64×64 టైళ్లుగా కోసి, ఏ టైల్లో ఏ త్రిభుజం పడుతుందో ముందు ఏరుకుని, ఆ తర్వాత రంగులు నింపుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో ఉన్నది వీడియోకోర్ 6 కాబట్టి వీడియోకోర్ 4కి రాసిన కోడ్ అక్కడ నడవదు.

అందుకే మీ సీపీయూ కోడ్ మాత్రం దయచేసి పారేయకండి. నింపడం, కాపీ చేయడం, రంగులు కలపడం అనే మూడు ఫంక్షన్ల వెనక సీపీయూ, డీఎంఏ, జీపీయూల్లో ఏదైనా పెట్టుకునేలా రాయండి. జీపీయూ తెరంతా నల్లగా ఇచ్చిన రోజున అదే బొమ్మను సీపీయూతో గీయించి, రెండు బఫర్లను పిక్సెల్ పిక్సెల్ పోల్చవచ్చు. సీరియల్ పోర్టులో వచ్చే నాలుగు అక్షరాలు తప్ప వేరే డీబగ్గర్ లేని చోట, నాకు అంతకు మించిన ఆసరా దొరకలేదు.