హన్మకొండలో బోర్డు గేమ్స్ షాపు పెడితే నడుస్తుందా?

షాపు అయితే వద్దు. పెట్టి చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

సుబేదారిలో మా నాన్న స్టేషనరీ షాపు ఉంది. 2019లో అందులో ఒక అర ఖాళీ చేయించి, క్యారమ్ బోర్డుల పక్కన కటాన్ లాంటివి ఆరు డబ్బాలు పెట్టాను. నిట్ పిల్లలు వచ్చి డబ్బా తిప్పి చూసేవాళ్లు, అక్కడే నిలబడి ఫోన్లో రేటు వెతికేవాళ్లు. నేను కొన్న ధర కంటే ఆన్‌లైన్‌లోనే తక్కువ! ఏడాదిలో రెండు పోయాయి. ఒకటి మా బావ తీసుకున్నాడు, డబ్బులు ఇంకా రాలేదు.

విసుగొచ్చి ఒక ఆదివారం కటాన్ సీలు నేనే చింపి టేబుల్ మీద పరిచాను. 1995లో వచ్చిన జర్మనీ ఆట. 19 పలకలు, వాటి మీద ఇటుక, కర్ర, గొర్రె, గోధుమ, ఖనిజం. ఆ సరుకుల కార్డులను ఒకరితో ఒకరు మార్చుకుంటూ ఊళ్లు కట్టాలి. రూల్స్ పుస్తకం ఎవరూ ముట్టలేదు, నేనే నోటితో చెప్పాను. గోధుమలను వడ్లు చేసేశారు. పరకాల పిల్లాడైతే "రెండు గొర్లకు ఒక్క ఇటుకనా? మా అంగట్ల గొర్రె రేటెంతో తెల్సా?" అని బేరానికి దిగాడు. రాత్రి పదకొండైనా లేవలేదు. మరుసటి వారం పదకొండు మంది వచ్చారు. అప్పటి నుంచి మనిషికి వంద, చాయ్ కలిపి.

జనం డబ్బులిచ్చేది టేబుల్‌కు, ఆట నేర్పేవాడికి. డబ్బాకు కాదు. పెద్ద ఆటలు ఇప్పుడు షాపు దాకా రాకముందే అమ్ముడుపోతున్నాయి. 2020లో ఫ్రాస్ట్‌హేవెన్ అనే ఆటకు, తయారుకాకముందే జనం డబ్బులు కట్టే కిక్‌స్టార్టర్ సైట్‌లోనే దాదాపు 1.3 కోట్ల డాలర్లు వచ్చాయి. 2025 సెప్టెంబరులో బోర్డు గేమ్స్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది నిజమే, కానీ ఆన్‌లైన్ వాడికీ తగ్గిందిగా.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, తలా ఒక పాత్ర తీసుకుని కథ అల్లుకుంటూ ఆడే ఆట ఉంది. దాంతో షాపుకు ఇంకా కష్టం. ఐదుగురికి ఒక్క పుస్తకం చాలు, బేసిక్ రూల్స్ నెట్‌లో ఉచితం. అయితే ఆ ఐదుగురూ నెలల తరబడి ప్రతి వారం వస్తారు. నిర్మల్ పొనికి కర్ర పులిబొమ్మే మా డ్రాగన్. చిన్న బొమ్మల సైన్యాలతో యుద్ధం ఆడే వార్‌హామర్ ఉంది, ఆ బొమ్మలకు రంగులేసుకునేవాడు ఒకడు దొరికాడు కానీ, పాపం, ఎదుటి సైన్యమే లేదు.

మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే కెఫే ఏదైనా చూసి నాలుగు ఆటలతో మొదలుపెట్టండి. కార్డులకు కవర్లు వేయించండి, మిర్చి బజ్జీలు మాత్రం టేబుల్ దగ్గరికి రానివ్వకండి. గొర్రె కార్డులు 19 ఉండాలి, మా దాంట్లో 17 మిగిలాయి.