ఆ పాత ఐటిన్‌ని ఇక వదిలేయండి తమ్ముడూ

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌కి వచ్చి మూడేళ్ళయింది. నా భార్యకి మొదట ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్ళకి పన్ను కోసం ఇచ్చే నంబరు) తీసుకున్నాం. నిరుడు ఈఏడీ (ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కార్డు), సోషల్ నంబరు వచ్చాయి. మూడు నెలలు ఉద్యోగం చేసింది. ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పాత వివరాలే తెచ్చి పెట్టింది. నేను చూసుకోకుండా ఐటిన్‌తోనే ఇద్దరికీ కలిపి జాయింటుగా పంపేశాను. రిఫండ్ ఇంకా రాలేదు. జరిమానా పడుతుందా? గ్రీన్‌కార్డుకి అడ్డమా?

తమ్ముడూ, గ్రీన్‌కార్డు సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే మీకు ఈ పూట అన్నం సయించదు. మీరు చేసిన తప్పే మేమూ చేశాం. మాకు గ్రీన్‌కార్డు వచ్చింది, ఈ నంబరు గొడవ గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. జరిమానాలు పన్ను తక్కువ కట్టినవాళ్ళకీ, ఆలస్యం చేసినవాళ్ళకీ. మీరు కట్టాల్సింది కట్టారు, నంబరు ఒకటి తప్పు వేశారు, అంతే. మీ జేబులోంచి పోయేదేమీ ఉండదు గానీ మీ జేబులోకి రావాల్సింది మధ్యలో ఆగుతుంది. నన్నడిగితే గాభరా పడాల్సింది దానికే.

మేం తెనాలి నుంచి 2012లో వచ్చాం. నాది హెచ్-4, అంటే ఉద్యోగానికి వచ్చినవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా. పని చేయకూడదు, సోషల్ ఇవ్వరు. జాయింటుగా వేస్తే పన్ను తగ్గుతుందని మావారికి ఆఫీసులో ఎవరో చెబితే డబ్ల్యూ-7 ఫారం నింపి ఐటిన్ తెప్పించారు. 9తో మొదలయ్యే తొమ్మిదంకెల నంబరు. సోషల్ లాగే మధ్యలో రెండు గీతలు పెట్టి రాస్తారు కానీ పన్ను లెక్కకి తప్ప ఎందుకూ కొరగాదు. నాకు మాత్రం అప్పట్లో అదే మహాప్రసాదం. ఈ దేశంలో నా పేరు మీద వచ్చిన మొదటి నంబరు. డైరీ మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి మరీ రాసుకున్నాను, నవ్వకండి.

2015 మే 26 నుంచి హెచ్-4 వాళ్ళలో కొందరు ఈఏడీకి పెట్టుకోవచ్చన్నారు. పెట్టాను, వచ్చింది. అక్టోబరులో సోషల్ కార్డు కూడా పోస్టులో వచ్చింది. దాన్ని భద్రంగా నగల రసీదులున్న బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. నవంబరులో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను, రెండు నెలల జీతం తీసుకున్నాను. జనవరిలో నా డబ్ల్యూ-2, అంటే జీతం, పట్టుకున్న పన్ను లెక్క చూపే కాగితం, వచ్చింది, దాని మీద సోషల్ నంబరు చక్కగానే ఉంది.

అప్పట్లో మేం ఇండియన్ కొట్టు పక్కన చిన్న ఆఫీసు పెట్టుకున్న ఒకాయన దగ్గర ట్యాక్సులు చేయించేవాళ్ళం. 120 డాలర్లు తీసుకునేవాడు. ఫిబ్రవరిలో ఆయన కంప్యూటర్లో మా పాత కాగితాలు తెరిచి, "మేడమ్‌ది అదే నంబరేగా?" అన్నాడు. నేను ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మం దగ్గర తిప్పుతున్నాను. మావారు "ఆ, అదే" అన్నారు. ఆ రెండు మాటల ఖరీదు తొమ్మిది నెలలు.

రిఫండ్ 2,640 డాలర్లని తేలింది. రూపాయి అప్పుడు 67 దగ్గరుంది. లక్షా డెబ్భై ఆరు వేల చిల్లర. నేను ఆ రాత్రే లెక్కేశాను, మా మామగారికి ఫోనూ చేశాం. అమరావతి రాజధాని అన్న కొత్తలు కదా, మంగళగిరి దగ్గర రెండు వందల గజాల ప్లాటు చూసి పెట్టారాయన. "అడ్వాన్సు వచ్చే నెల పంపిస్తాం" అని మాటిచ్చేశాం. రాని డబ్బుకి మాటివ్వకూడదని తెనాలిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. డాలర్ల లెక్కలోకి వచ్చేసరికి మేమే మర్చిపోయాం.

మార్చి పోయింది. ఏప్రిల్లో ఐఆర్‌ఎస్ నుంచి, అంటే ఇక్కడి పన్నుల శాఖ నుంచి, ఉత్తరం. ఆ రిటర్నులో ఒక డబ్ల్యూ-2కి సంబంధించిన జీతం, పట్టుకున్న పన్ను మాకు సరిపోలడం లేదు, రిఫండ్ ఆపాం అని దాని సారాంశం. నేను "ఆపాం" అన్న చోటు దాకా చదివి మిగతాది చదవలేదు. అక్కడే రెండో తప్పు జరిగింది. కరెక్టు నంబరుతో మొత్తం రిటర్ను మళ్ళీ కొత్తగా, మొదటిసారి వేస్తున్నట్టు, కాగితం మీద నింపి పోస్టులో పడేశాం. ఒక ఏడాదికి రెండు రిటర్నులు చేరాక వాళ్ళు మాత్రం ఏది నిజమనుకుంటారు? ఉన్న ముడికి ఇంకో ముడి పడింది. మీరు మాత్రం ఆ పని చేయకండి. రెండోసారి వేసేది ఎప్పుడూ 1040-ఎక్స్ మీదే, దిద్దుబాటు రిటర్ను అంటే అదే.

మా ఆఫీసులో పదిహేనేళ్ళుగా ఉంటున్న ఒక అక్క, ఖమ్మం ఆవిడ, చెబితే మాకీ సంగతి తెలిసింది. 1040-ఎక్స్‌లో ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాయడానికి కాస్త చోటుంటుంది. మా చదువులు తెలుసుగా! "రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ ఎబవ్" అని మొదలుపెట్టి, పిల్లాడు ఏడవడం దగ్గర్నుంచి ఒకటిన్నర పేజీ రాశాను. ఆ అక్క చదివి పడీపడీ నవ్వి, పెన్ను తీసుకుని రెండు వాక్యాలు రాసింది. భార్యకి సోషల్ నంబరు వచ్చింది, పొరపాటున పాత ఐటిన్‌తో ఫైల్ చేశాం, అంకెల్లో మార్పేమీ లేదు. అంతే. మీరూ అంతే రాయండి.

రెండు సంతకాలూ ఉండాలి సుమా. జాయింటు రిటర్నుకి దిద్దుబాటు కూడా జాయింటే. మావారు ఒక్కరే సంతకం పెట్టి కవరు అంటించేస్తుంటే ఆఖరి నిమిషంలో పట్టుకున్నాను.

ఇప్పుడు మీ సంగతి. మొదటి రిటర్ను ఇంకా వాళ్ళ దగ్గర నడుస్తూ ఉంటే, అది తేలేదాకా 1040-ఎక్స్ పంపకండి. ఈలోపు ఉత్తరం వస్తే నాలాగా సగం చదివి వదిలేయకుండా, అందులో అడిగినదానికి అందులో చెప్పిన గడువులోపు జవాబివ్వండి. తేలాక దిద్దుబాటు వేయండి. రిఫండ్ కోసమైతే ఫైల్ చేసిన రోజు నుంచి మూడేళ్ళ దాకా టైముంది, కానీ మూడేళ్ళు ఆగేవాళ్ళెవరు చెప్పండి. మా రోజుల్లో కాగితమే గతి, ఇప్పుడు కంప్యూటర్లోంచి కూడా పంపుతున్నారు. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ప్రింటు తీసి సర్టిఫైడ్ మెయిల్లో పంపండి, ఆ పచ్చ రసీదు పారేయకండి. మిగతా రూల్స్ ఐఆర్‌ఎస్ సైట్లో ఉన్నాయి, ఓపిగ్గా చదువుకోండి.

దీంతోపాటు ఇంకో ఉత్తరం రాయాలి, దీన్నే అందరూ మర్చిపోతారు. సోషల్ వచ్చిన మరుక్షణం నుంచీ ఐటిన్ వాడకూడదు. పూర్తి పేరు, చిరునామా, పాత ఐటిన్ రాసి, సోషల్ కార్డు కాపీ జతచేసి, ఐటిన్ ఇచ్చినప్పటి సీపీ 565 నోటీసు దొరికితే దాని కాపీ కూడా పెట్టి, ఈ ఐటిన్ రద్దు చేసి నా పాత లెక్కలన్నీ కొత్త నంబరు కిందికి కలపండి అని ఆస్టిన్‌లోని ఐఆర్‌ఎస్‌కి పంపాలి. పిన్‌కోడుతో సహా అడ్రసు సైట్లోనే ఉంది. అది పంపకపోతే పాత ఏళ్ళ లెక్క ఒక గదిలో, కొత్త లెక్క ఇంకో గదిలో ఉండిపోతాయి.

మాకు డబ్బులు నవంబరులో పడ్డాయి. పైన 60 డాలర్ల చిల్లర వడ్డీ కూడా ఇచ్చారు. నేను పండగ చేసుకున్నాను. మరుసటి ఏడాది ఆ వడ్డీకీ పన్ను కట్టమన్నారు, అదీ ఇక్కడి వరస. ప్లాటు మాత్రం అప్పటికే వేరేవాళ్ళు కొనేశారు. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చి రేట్లు పడిపోయినప్పుడు మావారు "చూశావా, ఐటిన్ మనల్ని కాపాడింది" అన్నారు. 2024 తర్వాత ఆ ఊసెత్తడం మానేశారు.

ఈ నంబర్ల పనిని చాదస్తమనుకుంటే 2020 సంగతి చెబుతాను. కరోనా సాయం కింద మనిషికి 1,200 డాలర్లు వేసినప్పుడు, జాయింటుగా ఫైల్ చేసినవాళ్ళలో ఒకరిది ఐటిన్ అయితే ఇద్దరికీ ఎగిరిపోయింది. మా పక్క అపార్ట్‌మెంటులో విజయవాడ జంటకి అలాగే అయింది. డిసెంబరులో చట్టం మార్చారు. సోషల్ ఉన్నవాళ్ళ వాటా 2020 రిటర్నులో అడిగి తీసుకోవచ్చన్నారు, ఆ జంటలో భర్త వాటా అలా వచ్చింది. మాకు మాత్రం 2,400 ముందే బ్యాంకులో పడ్డాయి. ఆ విజయవాడ ఆవిడ అప్పట్లో నన్ను "అన్నీ లెక్కలే మీకు" అని ఆటపట్టించేది.

పేరు కూడా చూసుకోండి. ఐఆర్‌ఎస్ వాళ్ళు నంబరుతోపాటు ఇంటిపేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పోల్చి చూస్తారు. మనవాళ్ళకి పాస్‌పోర్టులో ఒకటి, పెళ్ళయ్యాక ఒకటి, ఆఫీసులో ఒకటి. నా సోషల్ కార్డు మీద పుట్టింటి ఇంటిపేరుంది, రిటర్నులో అత్తవారిది వేశారు. కార్డు మీద ఏముంటే రిటర్నులో అదే వేయండి, మార్చుకోవాలంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో మార్చుకోండి.

మీ జాయింటు బ్యాంకు అకౌంటు మీ ఆవిడ ఐటిన్‌తోనే తెరిచి ఉంటారు. మేం ఐఆర్‌ఎస్‌కి అన్నీ రాసి బ్యాంకుని మర్చిపోయాం. మరుసటి జనవరిలో 11 డాలర్ల వడ్డీ లెక్క చూపే 1099 కాగితం మళ్ళీ ఆ పాత నంబరు మీదే వచ్చింది. ఈ శనివారం సోషల్ కార్డు తీసుకుని ఇద్దరూ బ్యాంకుకి ఒకసారి వెళ్ళిరండి.