టెక్ సందేహాలు: నాలుగు సిలిండర్లకు రెండు టర్బోలెందుకు?

ప్రశ్న: నమస్తే సార్. నా పాత ఆక్టేవియా ఆర్ఎస్ 1.8 టర్బో ఇంజన్ విప్పించి, గట్టివైన ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు వేయించాను. ఇప్పుడు టయోటా సుప్రాలోలా ట్విన్ టర్బో, అంటే రెండు టర్బోలు పెట్టాలని ఉంది. ఏ సైజువి కొనాలి? తరచూ సాలూరు ఘాట్ మీదుగా విశాఖ వెళ్లొస్తుంటాను.
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

పిస్టన్లు, రాడ్లు ముందే మార్చారు, మంచి పని. చాలామందికి రాడ్ వంగాక గానీ ఆ సంగతి గుర్తుకు రాదు. ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోలు మాత్రం రెండొద్దు బాబూ, ఒకటి చాలు.

సుప్రా 2జేజెడ్ ఇంజన్ 3 లీటర్లది, వరసగా ఆరు సిలిండర్లు. తక్కువ ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ అంతా మొదటి టర్బోకే పోతుంది, 4,000 దరిదాపుల్లో రెండోది అందుకుంటుంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజన్‌కి కూడా ఆరే, కానీ అక్కడ రెండు టర్బోలూ మూడేసి సిలిండర్లు పంచుకుని ఒకేసారి పనిచేస్తాయి. ఆరింటిని అలా పంచితే ఒక్కో టర్బోకి 240 డిగ్రీలకోసారి ఎగ్జాస్ట్ అందుతుంది. మీ నాలుగింటిని పంచితే క్రాంక్ ఒక చుట్టు పూర్తిగా తిరిగితేనే ఒకసారి, అంటే మధ్యలో ఎడం ఎక్కువ.

లెక్క చూద్దాం. మీది 1,781 సీసీ. 6,500 ఆర్‌పీఎంలో 1 బార్ బూస్ట్ (బయటి గాలి పీడనం మీద టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి) ఇచ్చి, ఇంటర్‌కూలర్‌లో చల్లబడి వచ్చిన గాలి 50 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, ఇంజన్ నిమిషానికి దాదాపు 12 కిలోల గాలి మింగుతుంది. కిలోకి 22 హార్స్‌పవర్ చొప్పున వేసుకుంటే 260 దాకా వస్తుంది. దీన్ని రెండుగా విడగొడితే ఒక్కోటీ చిన్న హ్యాచ్‌బ్యాక్ టర్బో సైజుకి దిగిపోతుంది. ఖర్చు రెండింతలు, ఆయిల్ పైపులు రెండింతలు, లీకులూ రెండింతలు! ఆ డబ్బుతో మంచి ట్విన్ స్క్రోల్ టర్బో (పొగ లోపలికి వచ్చే దారులు రెండున్న ఒకే టర్బో), దానికి తగ్గ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని టర్బో దాకా చేర్చే గొట్టాలు) కొనండి. 1, 4 సిలిండర్లు ఒక దారిలో, 2, 3 ఇంకో దారిలో పోతాయి కాబట్టి ఒకదాని పొగ ఇంకొకదానికి అడ్డురాదు. మీరు ట్విన్ టర్బోలో వెతుకుతున్న చురుకుదనం ఇందులోనే దొరుకుతుంది.

కొనేముందు కంప్రెసర్ మ్యాప్ (టర్బో ఏ ఒత్తిడిలో ఎంత గాలి ఇవ్వగలదో చూపే పటం) తీసి, ఆ 12 కిలోల దగ్గర గీత పెట్టి చూడండి. మీ విషయంలో ఘాట్ రోడ్డు లెక్కే అసలైనది. కొరాపుట్ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం 0.91 బార్ దరిదాపుల్లో ఉంటుంది. విశాఖలో గాలిని 2 రెట్లు నొక్కితే వచ్చే ఒత్తిడి కోసం పైన 2.2 రెట్లు నొక్కాలి. అంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కాబట్టి మ్యాప్ కుడి అంచుకి ఆనేంత చిన్నది తీసుకోవద్దు. అలాగని 400 హార్స్‌పవర్ అని ఊరించే పెద్దదీ వద్దు. ఘాట్ మీది సుంకి మలుపుల్లో మూడో గేరులో 2,500 దగ్గర పెడల్ తొక్కితే బండి కదలాలి కదా, ఆ పెద్దది అప్పుడు నిద్రపోతుంది.

ట్యూనింగ్ విశాఖలో చేయించినా, ఒకసారి ల్యాప్‌టాప్ పెట్టుకుని ఘాట్ మీద లాగ్ (నడుస్తుండగా ఇంజన్ రీడింగుల రికార్డు) తీయించండి. మామూలుకన్నా ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు పోయించి ట్యూన్ చేసుకుంటే, తర్వాత మామూలు పెట్రోలుతో అదే బూస్ట్ లాగొద్దు, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) మొదలవుతుంది. ఇంకోటి, రోడ్డు మీద తిప్పే బండికి అనుమతి లేని మార్పు చేస్తే మోటారు వాహన చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ట్రాక్ కోసమైతే వేరే సంగతి.

ప్రశ్న: ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే పరికరం) కొన్నాను. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందే యాప్‌లో బూస్ట్ మైనస్ 0.1 చూపిస్తోంది. విశాఖలో సున్నా ఉండేది. టర్బో పోయిందా? ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, సునాబెడ

ఏం పోలేదమ్మా. యుద్ధవిమానాల ఇంజన్లు తయారయ్యే ఊళ్లో ఉండి ఇంత చిన్న టర్బోకి భయపడతారా! కొన్ని యాప్‌లు ఎక్కడున్నా బయటి పీడనం 1 బార్ అనే అనుకుని, సెన్సర్ రీడింగ్‌లోంచి దాన్ని తీసేస్తాయి. మీ ఊరి గాలి పల్చన, అందుకే మైనస్. బూస్ట్ గడియారం వదిలేసి ఎంఏపీ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) కిలోపాస్కల్స్ చూడండి. ఇంజన్ ఆగి ఉంటే 91 దరిదాపుల్లో ఉండాలి. మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు విశాఖలోనూ మీ ఊళ్లోనూ దాదాపు ఒకే అంకె వస్తే టర్బో బాగున్నట్టే. పైన కాస్త తగ్గినా కంగారొద్దు.

ప్రశ్న: టర్బో బండిని ఆపగానే ఇంజన్ ఆపకూడదంటారు, నిజమేనా?
– బరంపురం నుంచి

ఊళ్లో మెల్లగా తిరిగొస్తే ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ ఎక్కించో, హైవే మీద గట్టిగా తోలో ఆపితే మాత్రం ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. లేకపోతే వేడి బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి గట్టిపడుతుంది.