స్కాట్లండ్ పల్లె రికార్డుల్లో తండ్రి పేరు ఖాళీగా ఉంటే ఎక్కడ వెతకాలి?

మీ భర్తగారి ముత్తవ్వ 1860ల్లో ఆబర్డీన్‌షైర్‌లోని ఒక పల్లెలో పుట్టారనీ, జనన నమోదులో తండ్రి గడి ఖాళీగా ఉండటంతో వెతుకులాట ఆగిపోయిందనీ రాశారు. అదే ప్రాంతంలోని రైనీ పారిష్‌లో (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు, దాని చుట్టుపక్కల ప్రాంతం) 1862లో పుట్టిన మా అత్తగారి ముత్తవ్వ విషయంలోనూ మాకు ఇదే ఎదురైంది. ఆ ఖాళీ గడి దగ్గర ఆగిపోవద్దని నా మనవి.

స్కాట్లండ్‌లో జనన, వివాహ, మరణాల నమోదును ప్రభుత్వం 1855 జనవరి 1 నుంచి చేపట్టింది. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ నమోదులో తండ్రి పేరు చేరాలంటే అతడు కూడా వచ్చి సంతకం చేయాలి. పెళ్లికాని పాలేర్లు ఆరేసి నెలల ఒప్పందం మీద పనిచేస్తూ మే, నవంబరు నెలల్లో కమతాలు మారే ఆ ప్రాంతంలో, బిడ్డ పుట్టేనాటికి తండ్రి మరో పారిష్‌లో ఉండటం వింతేమీ కాదు. ఈశాన్య స్కాట్లండ్‌లో అప్పట్లో ఇటువంటి జననాలు చాలా ఎక్కువ కనుక, దీన్ని మీ ఇంటి మీద పడ్డ మచ్చగా భావించకండి.

ముందుగా ఆ పుట అంచును చూడండి. పితృత్వం గురించి షెరిఫ్ కోర్టు, అంటే అక్కడి స్థానిక న్యాయస్థానం, తీర్పు ఇచ్చి ఉంటే, సవరణల రిజిస్టరు ప్రస్తావన అక్కడ ఉంటుంది. తరువాత ముత్తవ్వ వివాహ, మరణ నమోదులు తీయండి. స్కాట్లండ్‌లో వాటిలో తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా తల్లిదండ్రులిద్దరి వివరాలూ అడిగి రాసేవారు. మాకు వివాహ నమోదులో ఒక పాలేరు పేరు దొరికింది కానీ, 1861 జనాభా లెక్కల్లో అదే పేరుగలవారు చుట్టుపక్కల ముగ్గురు తేలారు.

వారిలో ఎవరన్నది తేల్చినవి చర్చి పెద్దల సభ, అంటే కిర్క్ సెషన్, రాసుకున్న కార్యవాహక పుస్తకాలు. పెళ్లి కాకుండా గర్భం దాల్చిన స్త్రీని సభకు పిలిపించి తండ్రి ఎవరని అడిగేవారు. ఆమె చెప్పిన వ్యక్తిని కూడా పిలిపించి, ఒప్పుకుంటే మందలించి, ఇద్దరినీ తిరిగి చర్చిలో చేర్చుకునేవారు. ఆ పుస్తకాల్లో చాలావాటి ప్రతిబింబాలను స్కాట్లండ్ ప్రభుత్వ వంశావళి రికార్డుల వెబ్‌సైటు స్కాట్లండ్స్ పీపుల్‌లో 2021 నుంచి ఉచితంగా చూడవచ్చు. పేర్ల సూచిక లేదు కనుక పుట వెంట పుట చదవక తప్పదు. పుట్టిన తేదీకి అయిదారు నెలల ముందు నుంచి రెండేళ్ల తరువాత వరకు చదవండి. 1843లో చర్చి చీలి ఫ్రీ చర్చి ఏర్పడింది కాబట్టి రెండు చర్చిల పుస్తకాలూ చూడాలి. పాత చర్చి పుస్తకంలో మేము నెలరోజులు వెతికినా ఫలితం దక్కలేదు, ఫ్రీ చర్చి పుస్తకంలో మాత్రం నాలుగు పంక్తులు దొరికాయి. అతడు నేరం ఒప్పుకున్నాడనీ, అప్పుడు ఫలానా కమతంలో పనిచేస్తున్నాడనీ అందులో ఉంది. ఆ కమతం పేరే ముగ్గురిలో ఒకరిని వేరు చేసి చూపింది. ఆ పంక్తులను అత్తగారికి చదివి వినిపించేటప్పుడు, ముత్తవ్వను కన్న పంతొమ్మిదేళ్ల ఆ పనిమనిషి అంతమంది పెద్దల ముందు ఒంటరిగా నిలబడటం తలుచుకుని నా గొంతు వణికింది.

ఊరి సంగతులకు సర్ జాన్ సింక్లెయిర్ 1791–99 మధ్య పారిష్ మతాధికారుల చేత ప్రశ్నలకు జవాబులు రాయించి ప్రచురించిన స్టాటిస్టికల్ అకౌంట్‌ను, 1834–45 నాటి దాని రెండో సంకలనాన్ని చదవండి. ఇంచుమించు అదే తరంలో స్కాట్లండ్‌లోని లూయిస్ ద్వీపంలో పుట్టిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య వంటివారి సాయంతో మన ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రల రాతలు, సేకరించాడు. కైఫీయతులు చదివినవారికి ఈ వ్యాసాల తీరు సులువుగా పట్టుబడుతుంది.

కమతం పేరు దొరికాక నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ ఉచితంగా చూపే ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మైలుకు ఆరంగుళాల కొలతతో గీసిన పటాల్లో దాన్ని గుర్తించండి. శ్మశానానికి వెళ్తే, పెళ్లయిన స్త్రీల పేర్లు సమాధి రాళ్ల మీద తరచు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటాయని గుర్తుంచుకోండి. మీ పారిష్ పేరు తెలిపితే, అక్కడి ఏయే చర్చిల పుస్తకాలు మిగిలి ఉన్నాయో చూసి చెప్తాను.