రికార్డులు కొనాలా, డౌన్‌లోడ్లు కొనాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.55,000 వస్తుంది. పాత సినిమా పాటలన్నా, కర్ణాటక కచేరీలన్నా ప్రాణం. నెలకు సుమారు రూ.5,000 ఎల్‌పీ రికార్డులకే పోతోంది. ఇప్పుడు రూ.48,000 పెట్టి మంచి రికార్డ్ ప్లేయర్ వాయిదాల మీద తీసుకుందామనుకుంటున్నాను. డౌన్‌లోడ్లు చాలు కదా అని మా ఇంట్లో అంటున్నారు. రికార్డుల ధర పెరుగుతుంది కాబట్టి ఇదీ పెట్టుబడే అని నా వాదన. ఏది సరైనది? రేపు అమ్మితే పన్ను కట్టాలా?

జవాబు: ముందు పెట్టుబడి సంగతి తేల్చేద్దాం. మీ రికార్డులు పెట్టుబడి కావు. కొన్ని అరుదైన వాటికి మంచి ధర పలుకుతుంది, నిజమే. కానీ మీకు డబ్బు అవసరమైన వారంలోనే కొనేవారు దొరకాలి. అప్పటిదాకా వాటి మీద గీతలు పడకూడదు, అట్టలు చిరగకూడదు, సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో బూజు పట్టకూడదు. ఇప్పుడు పెడుతున్న రూ.5,000లో రూ.3,000 నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసి, ఏటా 10 శాతం రాబడి వచ్చిందనుకుంటే పదేళ్లకు దాదాపు రూ.6 లక్షలు అవుతుంది. ఆ 10 శాతానికి హామీ లేదు. అయినా అవసరమైతే కొద్ది రోజుల్లో తీసుకోగలిగే డబ్బు అది. రికార్డుల మీద పెట్టేది పాటల ఖర్చు. ఆ పేరుతోనే లెక్కలో రాయండి, నెలకు రూ.2,000 దాటనివ్వకండి.

అలాగని మీ ఇంట్లో వారి మాట పూర్తిగా సరైనదనీ అనను. డౌన్‌లోడ్ చౌకే. కానీ డబ్బు పెట్టి కొన్నా దాన్ని తిరిగి అమ్ముకోలేరు. వాడేసిన పాటల ఫైళ్లను అమ్మిపెట్టిన రీడిజీ అనే అమెరికా సంస్థపై క్యాపిటల్ రికార్డ్స్ దావా వేస్తే, 2013లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు, 2018లో అప్పీలు కోర్టు అది కాపీరైటు ఉల్లంఘనే అన్నాయి. పాత రికార్డును పాత పుస్తకంలా అమ్ముకోవచ్చు, ఫైలును కుదరదు. ఇంకో చిక్కు తాళాలు, అంటే కొన్న ఫైలు కంపెనీ అనుమతి ఉంటేనే మోగేలా పెట్టే కట్టడి. 2008లో యాహూ తన పాటల దుకాణం మూసేసినప్పుడు, అక్కడ కొన్న ఫైళ్లకు అనుమతి ఇచ్చే సర్వర్లూ ఆగిపోయాయి. యాపిల్ తన పాటలకు ఇలాంటి తాళాలు 2009లో తీసేసింది. కాబట్టి కొనేముందు తాళం లేని ఫైలేనా, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా పాటను కుదించి దాచే ఫైలు) రూపంలో ఇస్తారా అని చూడండి. దించుకున్నాక రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో దాచండి. నెలవారీ చందా యాప్‌లది అద్దె వ్యవహారం. కొత్త పాటలు రుచి చూడటానికి బాగుంటాయి, అంతే.

మీరిద్దరూ తలవని దారి ఒకటుంది: పాత సీడీలు. నాకు బాగా నచ్చే దారి ఇదే. సీడీలో ఉన్నది 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా నమోదు చేశారో చెప్పే కొలతలు) శబ్దం. దాన్ని కంప్యూటర్‌లో ఫ్లాక్‌గా మార్చుకుంటే నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఒక ఆల్బమ్‌కు సుమారు 300 నుంచి 400 ఎంబీ పడుతుంది. అంటే ఒక టెరాబైట్ డిస్కులో రెండువేలకు పైగా ఆల్బమ్‌లు పడతాయి. వాడిన సీడీలు చాలావరకు కొత్త ఎల్‌పీ ధరలో కొద్ది భాగానికే దొరుకుతాయి, వస్తువూ చేతిలో ఉంటుంది. ఎల్‌పీ మీద మోజు పూర్తిగా చంపుకోమని నేను చెప్పను. ఇంకెక్కడా దొరకని పాత కచేరీలు, నాదస్వరం, హరికథ రికార్డులు కనబడితే తప్పక కొనండి. డిజిటల్‌లో ఉన్నదాన్నే మళ్లీ ఎల్‌పీగా కొనడం ఆపండి. విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కార్డుపై విదేశీ మారకపు రుసుము కలిపి లెక్క వేయండి.

ప్లేయర్ మాత్రం వాయిదాల మీద వద్దు. ఖర్చు రూ.48,000తో ఆగదు. యాంప్లిఫయర్, స్పీకర్లు కావాలి, సూది అరిగినప్పుడల్లా మార్చాలి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాక, సొంత డబ్బుతో కొనండి. అప్పుడు నేనూ సంతోషిస్తాను.

ఇక పన్ను. సొంతానికి వాడుకునే వస్తువులు ఆదాయపు పన్ను చట్టంలో మూలధన ఆస్తుల (అమ్మితే వచ్చే లాభంపై పన్ను పడే ఆస్తుల) కిందికి రావు. నగలు, చిత్రాలు, శిల్పాలు, పురావస్తు సేకరణలు, కళాఖండాలకు ఈ వెసులుబాటు లేదు. మీరు విన్న రికార్డులు ఎప్పుడో కొన్ని అమ్మితే సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు. లాభం కోసం కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపార ఆదాయం, రిటర్నులో చూపాలి. ఇవన్నీ పెట్టుబడిగానే కొన్నానని మీరే అంటే, సొంత వాడకమన్న వెసులుబాటు కోరడమూ కష్టమవుతుంది.