కష్టం నిజమే కావచ్చు, ఖాతా నంబరు మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: నేను రిటైరై రెండేళ్లయింది. ఆరు నెలల క్రితం ఒక ఈమెయిల్ వచ్చింది. విదేశంలో చనిపోయిన ఒక ఇంజనీరు పేరు మీద బ్యాంకులో పెద్ద మొత్తం ఉండిపోయిందట. వారసుడిగా నా పేరు చూపిస్తే మూడో వంతు నాకిస్తారట. లాయరు ఫీజు అన్నారు, తర్వాత పన్ను అన్నారు, తర్వాత ఏదో సర్టిఫికెట్ అన్నారు. నాలుగు విడతల్లో ఎనిమిది నెలల పింఛనంత పంపాను. చివరి విడతకు పర్సనల్ లోన్ కూడా తీశాను. మోసమని అర్థమై పోలీసులకు చెబుతానని రాస్తే, అతను దాచకుండా ఒప్పుకున్నాడు. ‘నాది లాగోస్. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. అమ్మ మందులకు డబ్బు లేదు. మీకు ఇల్లుంది, పింఛనుంది, ఈ డబ్బు పోతే మీకేమీ కాదు. మా దేశాన్ని దోచుకుని బాగుపడిన లోకమిది. అయినా చనిపోయినవాడి సొమ్ముకు మీరూ ఆశపడ్డారు కదా’ అని రాశాడు. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. ఇప్పుడు నా డబ్బు తిరిగిస్తానంటున్నాడు. అతని మిత్రుడు నా ఖాతాలో కొంత వేస్తాడట. నా బాకీ పట్టుకుని మిగతాది చెప్పిన చోటికి పంపాలట. ఒప్పుకోవచ్చా? లేక పోయినదాన్ని దానమనుకుని వదిలేయాలా? ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. నా పేరు వేయకండి.

జవాబు: ముందు తొందరగా తేలాల్సిన విషయం. ఒప్పుకోకండి. ఇప్పటికే ఖాతా నంబరు ఇచ్చి ఉంటే ఈ రోజే బ్యాంకుకు చెప్పండి.

ఆ ‘మిత్రుడు’ వేసే డబ్బు మీలాగే మోసపోయిన ఇంకొకరిది. కొట్టేసిన సొమ్ము నేరుగా దొంగ ఖాతాలో పడితే ఇట్టే దొరికిపోతాడు. అందుకని ఏ మచ్చా లేని మామూలు మనిషి ఖాతాలోంచి దాన్ని దాటిస్తారు. ఇలాంటివాటిని మ్యూల్ ఖాతాలంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. మోత దానిది, సరుకు వేరేవాళ్లది. డబ్బు పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేయగానే బ్యాంకులు ఒక్కో ఖాతా పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. వాటికి ముందు తగిలే పేరు మీదే. ఖాతా స్తంభించిపోతుంది, మీ పింఛను పడేదీ అందులోనే. మీరు ముందుకు పంపేసిన భాగాన్ని కూడా మీ దగ్గరే రాబట్టాలని చూస్తారు. ‘తెలియక చేశాను’ అందామంటే, తాను మోసగాడినని అతను రాసిచ్చిన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లోనే ఉంది.

ఇక అతని మాటలు. మీకు గుచ్చుకున్నట్టున్నాయి. గుచ్చుకోవాలనే రాశాడు. కానీ అందులో చెప్పినదంతా అబద్ధమని కొట్టిపారేయను, ఎందుకంటే అంతా అబద్ధం కాదు.

ప్రపంచ బ్యాంకు 2024లో చెప్పిన లెక్క ప్రకారం రోజుకు 2.15 డాలర్లలోపు బతికేవాళ్లు దాదాపు 70 కోట్ల మంది. అతను నిజంగా లాగోస్‌లో ఉన్నాడో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నైజీరియా కథ మాత్రం నిజమే. బ్రిటిష్ పాలన పోయాక చమురు మీద నడిచిన దేశం అది. 1980లలో చమురు ధర కూలింది. 1986లో ఆర్థిక సంస్కరణల పేరుతో కరెన్సీ విలువ తగ్గించారు, ఖర్చులు కోశారు. అంతకుముందు డాలరుకు అటూ ఇటూగా ఒక నైరా ఉండేది. 2024 వచ్చేసరికి డాలరుకు 1,500 దాకా ఇవ్వాల్సి వచ్చింది. అంటే అక్కడ జీవితాంతం నైరాల్లో పొదుపు చేసిన మనిషి ఏ తప్పూ చేయకుండానే చితికిపోయాడు. పట్టా పుచ్చుకుని ఉద్యోగం దొరకని కుర్రాళ్లు, డాలరు ఒక్కటే నిలబడే డబ్బని కళ్లారా చూసినవాళ్లు, మొదట పోస్టులో, తర్వాత ఫ్యాక్సులో, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అక్కడి శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన 419వ సెక్షన్ పేరే ఈ వ్యాపారానికి పేరైంది. చేసేవాళ్లను ‘యాహూ బాయ్స్’ అంటారు. దగ్గర్లోని ఘనాలో ఈ పనిని ‘సకావా’ అంటారు. దొరికిన మనిషి ‘మాగా’, మన భాషలో చెప్పాలంటే బకరా. ‘బానిసలుగా మా తాతలను పట్టుకుపోయినవాళ్ల దగ్గర మా బాకీ వసూలు చేసుకుంటున్నాం’ అనే మాట అక్కడ కొత్తది కాదు.

ఆ విద్య మాత్రం అక్కడ పుట్టింది కాదు. నిధి పాతిపెట్టాను, జైలు నుంచి బయటపడటానికి కాస్త డబ్బు పంపండి అని ఫ్రాన్సు జైళ్ల నుంచి ధనికులకు ఉత్తరాలు వెళ్లేవని విదోక్ 1830లలోనే రాశాడు. ఆయన ముందు దొంగ, తర్వాత పోలీసు అధికారి, కాబట్టి తెలిసే రాసి ఉంటాడు. ఆ ఉత్తరాల్లోనూ అన్యాయమైపోయిన మనిషే ఉంటాడు, మీదే దయ అంటాడు.

1957లో సైక్స్, మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. తప్పు చేసే కుర్రాళ్లు దొంగతనం మంచిదని వాదించరు. దొంగతనం తప్పే, నా విషయం వేరు అంటారు. అలా వేరు చేసుకోవడానికి వాళ్లు వాడే సాకులను ఐదు రకాలుగా విడదీశారు. మీకొచ్చిన ఆ నాలుగు ముక్కల మెయిల్‌లో నాకు ఐదూ దొరికాయి. ఉద్యోగం లేదన్నాడు, అంటే నా చేతుల్లో లేదని. మీకేమీ కాదన్నాడు, అంటే నష్టమే లేదని. మీరూ ఆశపడ్డారన్నాడు, అంటే మీరు బాధితులే కాదని. దోచుకున్న లోకమన్నాడు, అంటే వేలెత్తి చూపేవాళ్లే దొంగలని. అమ్మ మందులన్నాడు, అంటే అయినవాళ్ల కోసమని. అతను తెలివిగా అల్లాడని కాదు. తనకు తాను రోజూ చెప్పుకునేవే మీకూ రాసి ఉంటాడు.

వీటిలో మీకు ఎక్కువ తగిలింది మూడోదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. దాని గురించి తియ్యగా మాట్లాడను. మీకు సంబంధం లేని మనిషికి వారసుడినని సంతకం చేయడానికి ఒప్పుకున్నారు, అది తప్పే. అయితే అది అతను తయారుచేసి మీ ముందు పెట్టిన తప్పు. కథ అలా కట్టడంలో రెండు లాభాలున్నాయి. ఒకటి, పరువు పోతుందని మీరు పోలీసుల దగ్గరికి వెళ్లరు. రెండు, ‘ఆశపోతును కొట్టాను’ అని అతను నిద్రపోవచ్చు. అతను నిద్రపోతున్నాడు, మీకు నిద్ర పట్టడం లేదు.

పైగా వాళ్ల ఉత్తరం ఆశపోతులనో ధనికులనో వెతకదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. ఇంతమందికి తెలిసిపోయిన పాత కథను, నైజీరియా పేరుతో సహా, ఎందుకు మార్చరు? అతనికి దొరికిన జవాబు ఇది. లక్షల మందికి మెయిల్ పంపడానికి పెద్ద ఖర్చు లేదు. ఖర్చంతా జవాబిచ్చినవాళ్లతో వారాల తరబడి మాట్లాడటంలో ఉంది. కాబట్టి అనుమానించే మనుషులు మొదట్లోనే నవ్వుకుని పోవాలి, నమ్మే మనుషులే మిగలాలి. కథ ఎంత నమ్మశక్యం కాకుండా ఉంటే జల్లెడ అంత బాగా పనిచేస్తుంది. ఆ జల్లెడలో మీ ఆస్తి ఎంతో ఎవరూ చూడలేదు. మనిషి మాట నమ్మే మీ గుణాన్నే చూశారు. 2023లో ఒక్క అమెరికాలోనే 60 దాటినవాళ్లు ఇంటర్నెట్ మోసాల్లో పోగొట్టుకున్నామని ఎఫ్‌బీఐకి చెప్పుకున్నది 340 కోట్ల డాలర్లు. దేశాలను దోచిన సామ్రాజ్యాల ఖజానా కాదు అది. మళ్లీ సంపాదించే వయసు లేనివాళ్ల డబ్బు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

సరే, దుత్త పగిలితే పగిలింది, పాలు ఆకలిగొన్నవాళ్ల నోట్లో పడ్డాయా? నా వృత్తి డబ్బు ఎటు పోయిందో చూడటం కాబట్టి ఈ ప్రశ్న నాకు ముఖ్యం. దుబాయ్‌లో ఉంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో విమానాలు, ఖరీదైన కార్లు చూపించుకున్న రామన్ అబ్బాస్ అనే నైజీరియన్‌కు, హష్‌పప్పీ అంటే చాలామందికి గుర్తొస్తాడు, 2022లో అమెరికా కోర్టు 11 ఏళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. అతని ముఠా చేతిలో మోసపోయినవాళ్లలో ఒకరు ఖతార్ వ్యాపారి. ఆయన అప్పు కోసం తిరుగుతున్నది బడి కట్టడానికి. అంతకుముందు 1990లలో ఎమాన్యుయెల్ న్వూడే, అతని మనుషులు కట్టని విమానాశ్రయాన్ని చూపించి బ్రెజిల్‌లోని ఒక బ్యాంకు నుంచి 24 కోట్ల డాలర్లు లాగారు. ఆ బ్యాంకు చివరికి కూలిపోయింది.

ఎగువన డబ్బు ఇలా పోతుంటే, దిగువన నిజాయితీగా పనిచేసే నైజీరియా కుర్రాడు ఎంత మూల్యం చెల్లించాడో కూడా చూడండి. 2014లో పేపాల్ అక్కడ మొదలైనప్పుడు డబ్బు పంపడానికే వీలిచ్చింది, అందుకోవడానికి ఇవ్వలేదు. ఇంట్లో కూర్చుని విదేశాలకు డిజైనింగో కోడింగో చేసి పెట్టగలిగినవాళ్లు జీతం తెచ్చుకోవడానికి ఏళ్లపాటు అడ్డదారులు వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి ఈ మోసాల భయమే కారణమని వాళ్లు వాపోయేవారు. పేదరికం పేరు చెప్పి చేసిన దొంగతనానికి జరిమానా పడింది అలాంటి పేదల మీదే.

ఇంకో అవకాశం కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు జాలిగల మనిషిలా ఉన్నారు. రాసినవాడు నిజంగానే గత్యంతరం లేనివాడై ఉండొచ్చు. ఉద్యోగమని రప్పించి, పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న స్థావరాల గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో నివేదిక ఇచ్చింది. అలా బందీలైనవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది ఉండొచ్చని అంచనా. అలాంటివాడే మీకు రాశాడనుకున్నా, మీరు పంపే డబ్బు అతని యజమానికి చేరుతుంది, ఆ గోడలు ఇంకాస్త ఎత్తు పెరుగుతాయి.

అందుకే ‘దానమనుకోనా’ అన్నదానికి వద్దంటున్నాను. ఇది మనసుకు సర్దిచెప్పుకునే సంగతి మాత్రమే కాదు. దానమని రాసుకుంటే మీరు ఫిర్యాదు చేయరు, ఇంట్లో చెప్పరు, రేపు ఇంకో కష్టం కథ వస్తే ఇంకో విడత వెళ్తుంది. మీ లెక్కల పుస్తకంలో దీన్ని దొంగతనంలో పోయిన సొమ్ము కిందే రాయండి. లోకంలో ఇంత తేడా ఉండటం మిమ్మల్ని నిజంగా కలవరపెడితే, అప్పు తీరాక, ఆరు నెలల ఖర్చు మళ్లీ పక్కన చేరాక, నెలకు ఇంతని మీరే ఎంచుకున్న చోటికి, రసీదు ఇచ్చే సంస్థకు పంపండి. అందులో అతనికి మాటొద్దు.

ఇప్పుడు చేయాల్సినవి. అతనికి జవాబివ్వడం ఆపండి, చివరిగా ఓ తిట్టు కూడా వద్దు. మెయిళ్లు చెరిపేయకండి, అవే మీకు సాక్ష్యం. డబ్బు పంపిన బ్యాంకుకు నాలుగు లావాదేవీల వివరాలూ ఇచ్చి, డబ్బు వెనక్కి రప్పించే ప్రయత్నం చేయమని రాతపూర్వకంగా అడగండి. నిజం చెప్పాలంటే ఇలాంటివాటిలో మొదటి రెండు మూడు రోజులు దాటితే డబ్బు దొరకడం కష్టం. మీది నెలలు దాటింది, వస్తుందని ఆశపెట్టుకోకండి. అయినా సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. రేపు మీ గుర్తింపు కార్డు కాపీతో ఎవరైనా అప్పు తీస్తే, ముందే చెప్పానని చూపించడానికి ఆ కాగితం కావాలి. వారసుడి పత్రాల కోసం ఆ కాపీలు పంపే ఉంటారు కాబట్టి, మీ పేరు మీద కొత్త అప్పులేమైనా పుట్టాయేమో క్రెడిట్ రిపోర్టు తీసి మూడు నెలలకోసారి చూసుకోండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, మీ మెయిళ్లు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా సెట్టింగ్ పెట్టి ఉందేమో పిల్లల చేత చూపించండి.

ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి. కొన్ని వారాల్లో ‘మీ డబ్బు రికవరీ చేస్తాం’ అని ఎవరో ఫోన్ చేస్తారు. లాయరునంటారు, ఇంటర్‌పోల్ అంటారు, కొంచెం ఫీజు అంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అది. ముందు డబ్బు అడిగిన వెంటనే ఫోన్ పెట్టేయండి.

ఇంట్లో చెప్పే విషయం. ఇన్నేళ్లుగా ఈ పనిలో చూస్తున్నాను, ఈ కబురు చెప్పేటప్పుడు జనం మొత్తాన్ని సగానికి తగ్గించి చెబుతారు, మిగతా సగాన్ని దాచడానికి ఇంకో అప్పు చేస్తారు. మీ ఆవిడకు మొత్తం అంకె ఒకేసారి చెప్పండి. లోన్ కాగితాలు కూడా అప్పుడే చూపించండి. కోప్పడతారు, పడనివ్వండి.

ఆ లోన్ వడ్డీ ఎంతో, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో మీరు రాయలేదు. ముందే తీర్చేస్తే పెనాల్టీ ఎంతో బ్యాంకులో అడిగి, మీకున్న డిపాజిట్ల మీద ఎంత వడ్డీ వస్తోందో కూడా కలిపి రాసి పంపండి. ఏ డిపాజిట్ తీసి దేనికి కట్టాలో వచ్చే జవాబులో చెబుతాను. అప్పటిదాకా ఏ డిపాజిట్‌నూ కదపకండి.